మా ప్రెస్సులోని వాలక్షరాలు

నా పుస్తకానికి పేజీలు కట్టే కుర్రవాడు మొన్న మా ఇంటికి వచ్చాడు. ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని నా ఎదుటే ఒక మీట నొక్కాడు. నిటారుగా ఉన్న ఇంగ్లీషు అక్షరాలన్నీ ఒక్కసారిగా కుడిపక్కకు ఒరిగిపోయాయి. "ఇట్లా ఇటాలిక్స్‌లో పెడదాం మేడమ్, క్లాసుగా ఉంటాయి," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అవి ఇటాలిక్స్ కావు నాయనా, నిలుచున్న అక్షరాలను మెడబట్టి వంచావు అంతే, అన్నాను. నిజమైన వాలక్షరం పుట్టుకతోనే వేరు. నిటారు ‘ఏ’కు నెత్తిమీద ఉండే వంపు దానికి ఉండదు. దాని ‘ఎఫ్’కు పైన కొక్కెం, కింద తోక ఉంటాయి. ఎవరో కలం పట్టుకుని తొందరగా రాసిన చెయ్యి ఆ అక్షరంలో కనిపిస్తుంది. కుర్రవాడు నన్ను వింతగా చూశాడు, ఎనభై దాటిన ముసలమ్మకు ఇవన్నీ ఎందుకన్నట్టు. ఎందుకో అతనికి చెప్పలేదు. చెప్పవలసిన వాళ్ళకు చెప్పవలసినప్పుడు చెప్పని దాన్ని, అతనికేం చెబుతాను? అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ప్రొద్దుటూరులో మా నాయనకు అచ్చు ప్రెస్సు ఉండేది. వీధివైపు ప్రెస్సు, వెనకవైపు మేము. మధ్యలో ఒక గోనెపట్టా తెర తప్ప గోడ లేదు. అందుకని మా ఇంట్లో జొన్నరొట్టె తిన్నా కిరసనాయిలు వాసనే, చెనిక్కాయల ఊరిబిండి తిన్నా సిరా వాసనే. అమ్మ తెల్లవారకముందే లేచి ముందుగా నాయన పంచెల మీది సిరా మరకలు రుద్దేది, తర్వాత పొయ్యి ముట్టించేది. ఆ మరకలు ఎన్నడూ పోలేదు, ఆమె రుద్దడమూ మానలేదు. నాయన లేచాక మూడుసార్లు నస్యం పీల్చేవాడు. మూడో పీల్పు తర్వాత ఆయన ఎవరివైపు చూస్తాడో వాళ్ళకు ఆ పూట మూడినట్టే. మేమంతా ఆ వేళకు ఏదో ఒక పనిలో తల దూర్చుకుని ఉండేవాళ్ళం.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఇంగ్లీషులో అచ్చేయిస్తే పెద్దమనిషి, తెలుగులో అచ్చేయిస్తే మామూలు మనిషి. నాయన మద్రాసు పోయి ఒక కేసు నిండా ఇంగ్లీషు వాలక్షరాలు తెచ్చాడు. కేసు అంటే గళ్ళు గళ్ళుగా ఉండే చెక్క అర, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, ఈ మూడు ఊళ్ళలో అట్లాంటిది మరొకటి లేదని ఆయన గొప్ప. వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. పెద్దవాళ్ళ పేర్లు మాత్రమే వాటితో కూర్చేవాళ్ళం. ఆ ‘ఎఫ్’ కొక్కెం మాత్రం తాను నిలబడ్డ సీసపు కడ్డీ దాటి బయటికి పొడుచుకుని ఉండేది. పక్క అక్షరం కాస్త గట్టిగా తగిలితే చాలు, పుటుక్కున విరిగేది.

విరిగిందంటే శిక్ష ఉండేది. ఆ విరిగిన అక్షరానికే సిరా అద్ది, విరగ్గొట్టిన వాడి నుదుట ఒత్తేవాడు నాయన. పొద్దు గుంకేదాకా తుడుచుకోకూడదు. ఆ నుదురుతోనే బజారుకు పోయి టీ తేవాలి, కాగితాలు మొయ్యాలి. అచ్చుయంత్రం ట్రెడిల్‌ను కాలితో తొక్కే ఓబులేసు నుదుటిమీద నెలకొకసారైనా ముద్ర పడేది. బజారులో వాళ్ళు "ఏమప్పా ఓబులేసూ, ఈ పొద్దు నిన్నే అచ్చేసినారే!" అని నవ్వేవాళ్ళు. ఓబులేసూ నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని, నా నుదుట పడేదాకా. సిరా డబ్బా ఒలకబోసినందుకు ఒకసారి నాకూ ఒత్తాడు. అప్పుడు నాకు పదమూడేళ్ళు. ఆ నుదురుతోనే బడికి పంపించాడు. అమ్మ తెర వెనక నిలబడి చూసింది, అడ్డం రాలేదు. ఆ పొద్దు నేర్చుకున్న పాఠం ఒకటే, ఇంకొకసారి ఆ సిరా నా నుదుటికి రానివ్వకూడదు. అది ఎవరి నుదుటికి పోయినా సరే అనుకున్నాను.

మస్తాన్ మామ మా ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. నేను పుట్టకముందు నుంచీ ఉన్నవాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, అక్షరాలు మాత్రం గుర్తే. కానీ ఆయన కూర్చిన పేజీలో తప్పు వెతకడం మా వల్ల అయ్యేది కాదు. ప్రొద్దుటూరులో మూడు ప్రెస్సులుంటే మూడింటివాళ్ళూ చిక్కొస్తే ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆయన ఆస్తి అంతా ఆ పేరే. సీసపు అక్షరం కడ్డీకి ఒకపక్క చిన్న గాడి ఉంటుంది. మా నిటారు అక్షరాలకు ఒక గాడి, వాలక్షరాలకు రెండు. మస్తాన్ మామ చూసేవాడు కాదు, బొటనవేలితో గాడి తడిమేవాడు, గోటితో అక్షరం మొహం తాకేవాడు, అంతే, పక్కన చేరేది.

నాకు పదహారేళ్ళు వచ్చేసరికి బడి మాన్పించి ప్రెస్సులో కూర్చోబెట్టారు. నా పని రాతప్రతి చదవడం. నేను ఒక్కో అక్షరం పైకి చదివితే మామ కూర్చేవాడు. "సదువు పాపా, నువ్వు సదివితే పని పరిగెత్తుతాది," అనేవాడు. మొదట్లో నా గొంతు ఆయనకు ఇష్టమేమో అనుకుని పొంగిపోయాను. ఒక రోజు ఆటపట్టించడానికి రాతప్రతిని తలకిందులుగా పట్టుకుని ఆయన మొహం ముందు పెట్టి, "మామా, ఈ మాట ఏంది?" అన్నాను. ఆయన కాసేపు దాన్నే చూశాడు. "నువ్వే సదువు పాపా," అన్నాడు. నాకు అర్థమయింది. ఆయన కళ్ళకు పొర కమ్మింది. ఆయన చేతిలో పని ఆపి, మెల్లగా అన్నాడు, "మీ నాయనకు జెప్పొద్దు. పని తప్పు పోతే అప్పుడు జెప్పు." చెప్పనని నెత్తిమీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేశాను. ఒక పెద్దమనిషి గుట్టు నా దగ్గర ఉందని ఎంత గర్వపడ్డానో చెప్పలేను.

ఆ చలికాలం జమ్మలమడుగు పత్తి వ్యాపారి ఒకాయన కొత్త జిన్నింగు మిల్లు తెరుస్తూ ఇంగ్లీషులో ఆహ్వానపత్రాలు వేయించాడు. కర్నూలు నుంచి మంత్రి వస్తున్నాడు, కలెక్టరు వస్తున్నాడు. మంత్రి పేరు వాలక్షరాల్లో. మామ కూర్చాడు, నేను చదివాను, ప్రూఫు తీశాం, ఒక్క తప్పు లేదు. శుక్రవారం మధ్యాహ్నం నాయన ఊళ్ళో లేడు. మామ జుమ్మా నమాజుకు పోయాడు. అప్పుడు వ్యాపారి మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి, మంత్రి పేరు ముందు ‘శ్రీ’ పనికిరాదు, ‘ఆనరబుల్’ అని పెట్టాలి, సాయంత్రం బస్సుకు పత్రాలు నాకు ఇయ్యాల్సిందే అని కూర్చున్నాడు. మామ వచ్చేదాకా ఆగి ఉండవచ్చు. గంటలో వచ్చేవాడే. కానీ నేను ఎదురింటి అమ్మాయితో మ్యాట్నీకి పోవాలి. నేనే కూర్చాను. రెండు కేసులూ పక్కపక్కనే ఉండేవి. గబగబా చెయ్యి పోయినచోట తీసి పెట్టాను. ఓబులేసు ట్రెడిల్ తొక్కాడు. మొదటి పత్రం చూశాను. ఆ మాటలో నాలుగు అక్షరాలు వాలకుండా నిటారుగా నిలబడి ఉన్నాయి. చూశాను. జమ్మలమడుగులో ఎవరికి తెలుస్తుందిలే అనుకుని, ఓబులేసును తొక్కమని చెప్పి సినిమాకు పోయాను.

తెలిసింది. వ్యాపారి కొడుకు మద్రాసులో చదివినవాడు. సోమవారం పొద్దున తండ్రి పత్రాల కట్ట తెచ్చి మా వాకిట్లో విసిరేశాడు. "మంత్రిని ఎగతాళి జేసినట్టు ఉండాదంట! కలెక్టరు నవ్వినాడంట! నీ వంకర అచ్చరాలు నీ దగ్గరే పెట్టుకో," అని వీధి వినేటట్టు అరిచి పోయాడు. నాయన ఒక పత్రం తీసుకుని అద్దంలా నున్నటి నాపరాయి బండ మీద పెట్టాడు. ఆ బండ మీదే మేము పేజీలు బిగించేవాళ్ళం. నస్యం డబ్బా తీసి మూడుసార్లు పీల్చాడు. "ఇది ఎవురు పెట్టినారు?"

నేను ఎంతసేపు ఆలోచించానో కూడా చెబుతాను. అసలు ఆలోచించలేదు. "మస్తాన్ మామ పెట్టినాడు నాయనా. ఆయప్పకు కండ్లు కనపడవు. శానా దినాల నుంచి కనపడవు," అన్నాను.

మామ నావైపు తిరిగాడు. నేను ఎక్కడున్నానో గొంతును బట్టి కనుక్కుని సరిగ్గా నా మొహం మీదికే తిరిగాడు. "నేను జుమ్మాకు పోయింటినయ్యా. ఆ పొద్దు ఈడ ల్యా. ఓబులేసును అడగండి," అన్నాడు.

నాయన ఓబులేసును చూశాడు. ఓబులేసు నన్ను చూశాడు, తర్వాత సిరా డబ్బాను చూశాడు. "నేను యంత్రం కాడ ఉంటి సామీ. నాకేం తెల్దు," అన్నాడు.

"కండ్లు కనపడతాయా, కనపడవా? అది జెప్పు," అన్నాడు నాయన.

"కనపడవు," అన్నాడు మామ. "అయితే నాకు చేతి ఏళ్ళుండాయి గదయ్యా. ఏళ్ళు తప్పుతాయా? పెట్టి సూడండి."

మా నాయనకు అట్లాంటి మాట దొరికితే పండగే. రెండు కేసుల్లోంచీ దోసిళ్ళతో అక్షరాలు తీసి ఆ బండ మీద రాశి పోశాడు. నిటారువీ వాలువీ కలిపి చేత్తో కెలికాడు. "సాయంత్రం లోపల ఏ కేసువి ఆ కేసులో, ఏ గడివి ఆ గడిలో ఉండాల. ఉంటే నువ్వు నా ప్రెస్సులో సచ్చేదాకా ఉంటావు. ఒక్కటి తప్పితే లేసి పో. ప్రొద్దుటూరులో నీకు ఎవుడు పని ఇస్తాడో నేనూ సూస్తా," అన్నాడు. ఆయన పోస్తున్నప్పుడు ఒక అక్షరం బండ అంచు నుంచి జారి నా కాళ్ళ దగ్గర పడింది. నిటారు ‘ఎన్’. వంగి తీశాను. రాశిలో వెయ్యలేదు, పిడికిట్లో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో తెలియదని రాస్తే మీరు నమ్ముతారు, కానీ నాకు తెలుసు.

ఆ వార్త బజారంతా పాకింది. టీ అంగడివాడు, పక్క ప్రెస్సువాళ్ళు, బంగారు పనివాళ్ళు, వచ్చి వాకిట్లో నిలబడ్డారు. మామ బండ ముందు గొంతుక్కూర్చుని తల పైకెత్తి, దూలాలవైపు మొహం పెట్టి పని మొదలుపెట్టాడు. బొటనవేలు గాడి మీద, గోరు అక్షరం మీద. ఒక్కో అక్షరం గడిలో పడిన చప్పుడు వినిపించేది. మధ్యాహ్నం మంచినీళ్ళు ఇస్తే కూడా వద్దన్నాడు. నాయన ఎదుటే పీట వేసుకుని రొట్టె తిన్నాడు. పొద్దు వాలేసరికి బండ ఖాళీ అయింది. మామ అరచేత్తో బండంతా ఒకసారి తుడిచి, "అయిపాయె, సూసుకోండి," అన్నాడు. పక్క ప్రెస్సువాళ్ళు "శభాష్" అన్నారు. నాయన మొహంలో కూడా ఒక మెచ్చుకోలు వచ్చింది. నేను అదే చూశాను, అందుకే భయపడ్డాను. మామ వేళ్ళు తప్పవని తేలితే, ఆ నాలుగు అక్షరాలు ఎవరు పెట్టారన్న ప్రశ్న మళ్ళీ లేస్తుంది.

"సరోజా, నువ్వు సదువుకున్న దానివి, సూడు," అన్నాడు నాయన. ఒక్కో గడి చూశాను. ఒక్కటి తప్పలేదు. కళ్ళున్న నేను అంత శుభ్రంగా ఎన్నడూ సర్దలేదు. వాలు ‘ఎన్’ల గడి దగ్గరికి వచ్చేసరికి దాని మీద నా పిడికిలి విప్పాను. తర్వాత ఆ ‘ఎన్’ను రెండు వేళ్ళతో పైకెత్తి, "ఈడ ఒకటుండాది నాయనా," అన్నాను.

వాకిలంతా ఉస్సురుమంది. మామ చెయ్యి చాపాడు. "ఏదీ, ఇట్లియ్యి పాపా." ఇచ్చాను. బొటనవేలితో తడిమాడు. తర్వాత దాన్ని చెంపకు ఆనించుకున్నాడు. "అయ్యా, ఇది వెచ్చగా ఉండాది. చెమటగా కూడా ఉండాది. తక్కినవన్నీ సల్లగా ఉండాయి, కావాలంటే ముట్టుకుని సూడండి," అన్నాడు.

ఒక్క క్షణం ఎవరైనా ముట్టుకుని చూసి ఉంటే చాలు. నాయన పగలబడి నవ్వాడు. "సీసం వెచ్చగుండాదంట! రేపు అచ్చరానికి జరం వచ్చిందంటాడు!" వాకిట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను కూడా నవ్వాను. నాయన ఆ ‘ఎన్’కు సిరా అద్ది, తెల్లగడ్డం మనిషి నుదుట ఒత్తాడు. మామ కదల్లేదు. తర్వాత లేచి, తలపాగా నెత్తిన పెట్టుకుని, గోడ తడుముకుంటూ వీధిలోకి పోయాడు. చేతిలో చెయ్యి వేసి దిగబెట్టడానికి ఒక్కరూ కదల్లేదు. ఆ రాత్రి అమ్మ నాకు అన్నంలో ఒక గరిటె నెయ్యి ఎక్కువ వేసింది. ఆమెకు తెలుసేమో అని అప్పటినుంచీ నా అనుమానం.

ఊళ్ళో ఏ ప్రెస్సూ ఆయనకు పని ఇవ్వలేదు. ఆయన పనితనం చూసి శభాష్ అన్న వాళ్ళే, గుడ్డివాడిని పెట్టుకుని మా పేరు ఎందుకు చెడగొట్టుకోవాలి అన్నారు. ఎర్రగుంట్లలో నాపరాళ్ళ లారీల దగ్గర బండలు లెక్కచెప్పే పని చేశాడని కొన్నాళ్ళు, అదీ పోయిందని కొన్నాళ్ళు విన్నాను. మా ఇంట్లో ఆయన పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. వాలక్షరాల కేసు నాకు అప్పగించారు. పెళ్ళయ్యేదాకా వాటిని నేనే కూర్చాను. బాగా కూర్చానని కూడా చెప్పుకోవచ్చు.

పెళ్ళయ్యాక పులివెందుల చేరాను. మా ఆయన బడిపంతులు. ఒకసారి బడి వార్షికోత్సవం కాగితాలు వేయించుకురమ్మంటే అక్కడి చిన్న ప్రెస్సుకు పోయాను. లోపల అక్షరాల కేసు ముందు ఒక ముసలాయన దూలాలవైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నాడు. నేను యజమానితో రెండు మాటలు మాట్లాడానో లేదో, ఆ మనిషి చేతులు ఆగాయి. "సరోజ పాపేనా?" అన్నాడు. వెనక్కి తిరిగి పోదామనుకున్నాను, పోలేదు. దగ్గరికి పోయి, ఎవరికీ వినపడకుండా అంతా చెప్పేశాను. మ్యాట్నీ, నాలుగు అక్షరాలు, పిడికిలి. చెబుతూ ఏడ్చాను. ఏడిస్తే పని జరుగుతుందనుకునే వయసే అది కూడా.

నా ఏడుపు పూర్తయ్యేదాకా ఆయన ఆగాడు. "ఇవన్నీ నాకు తెలిసినవే గదా పాపా. నాకెందుకు జెప్తాండావు? మీ నాయనకు జెప్పు. ఈడ వీళ్ళు నాకు అన్నం పెడతాండారు, శానా మంచోళ్ళు. కానీ ప్రొద్దుటూరులో నా మనవళ్ళను గుడ్డి మస్తాను మనవళ్ళు అంటారు, అచ్చరాలు చెడగొట్టినోని మనవళ్ళు అంటారు. మీ నాయన ఒక్క మాట, నీ చెయ్యి తప్పు ల్యా మస్తానూ అంటే, నాకు సాలు. అదే బజారులో అనాల."

చెబుతానన్నాను. నెత్తిమీద చెయ్యి కూడా పెట్టుకోబోయి మానుకున్నాను. ఆ తర్వాత ప్రొద్దుటూరు ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ప్రతిసారీ నాయన నస్యం డబ్బా తీసేవాడు, నేను వంటింట్లోకి పోయేదాన్ని. ఇద్దరు పిల్లల తల్లిని, ఒక ముసలాయన మూడు పీల్పులకు భయపడ్డానంటే ఈ కాలం పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. ఇప్పుడు తప్పు పడితే మీట నొక్కి చెరిపేస్తారు, తప్పు ఎవరిదని అడిగేవాడే లేడు. మాకు తప్పు అంటే ఒక నుదురు కావాలి, దొరికిన నుదురు చాలు. ఆ రోజులు బంగారు రోజులని రాసేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చివరికి నాయనకు పక్షవాతం వచ్చింది. కుడిపక్కంతా పడిపోయింది, నోరు ఒక పక్కకు లాగేసింది, మాట పోయింది. ఆ తర్వాత ఏడాదికి, అమ్మ నీళ్ళకు పోయినప్పుడు, మంచం పక్కన కూర్చుని చెప్పాను. ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. ఎడమచెయ్యి దుప్పటి మీద కొంచెం ఎగిరింది, నన్ను కొట్టడానికో, దగ్గరికి పిలవడానికో తెలియదు. నేను దూరంగానే కూర్చున్నాను. ఆయన ఏమీ చెయ్యలేని స్థితికి వచ్చేదాకా ఆగి చెప్పానని నాకు తెలుసు. అయినా చెప్పాననే తృప్తితో బస్సెక్కాను.

పులివెందులలో మామ దగ్గరికి పోయి, "నాయనకు చెప్పినా మామా," అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఏమన్న్యాడు?"

చెప్పు, మాట పడిపోయిందని చెప్పు అని నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. "తప్పయిపోయింది అన్నాడు మామా. నీ చెయ్యి తప్పు ల్యా అన్నాడు. బజారులో అందరికీ జెప్తా అన్నాడు."

ఆ ముసలాయన నవ్వు నేను ముందెన్నడూ చూడలేదు. ప్రెస్సులో ఉన్న ప్రతివాడినీ పేరు పెట్టి పిలిచి చెప్పాడు. టీ తెప్పించాడు, నాకు మొదట ఇప్పించాడు. ఇంకెన్నాళ్ళు బతుకుతాడు, ఆ సంతోషంతో పోనీ అనుకున్నాను. దయతో అన్నానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. దయ కాదు. మొదటి అబద్ధం ఎందుకు ఆడానో ఇదీ అందుకే ఆడాను, ఆ నిమిషం అక్కడినుంచి బయటపడటానికి.

ఆయన ఊరుకోలేదు. రెండు వారాలకు మనవడి భుజం పట్టుకుని బస్సెక్కి ప్రొద్దుటూరు పోయాడు. కొత్త పంచె, కొత్త తలపాగా. మా యజమాని పిలిచినాడు అని దారిలో అందరికీ చెప్పుకుంటూ పోయాడట. ఇది అమ్మ తర్వాత నాకు చెప్పింది. "ఎవురో వస్తాండారు అనుకుంటి. సూస్తే మస్తాను. అయ్య నన్ను పిలిపించినాడంట గదమ్మా అన్న్యాడు. నాకేం అర్థం గాల్యా. లోపలికి రమ్మంటి. మంచం కాడ కూచ్చొని, అయ్యా, నేను మస్తాన్ను అన్న్యాడు. మీ నాయన కండ్లలో నీళ్ళు కారతాండాయి, మాట యాడిది? జవాబు కోసరం శానాసేపు కాసుకోని, మస్తాను చెయ్యి చాపి మీ నాయన మొగం తడిమినాడే. నుదురు, ముక్కు, ఆ వంకరబోయిన నోరు. ఆ నోటి కాడ బొటనేలు పెట్టి అట్లే ఉండిపాయె. ఎన్నాళ్ళాయెనమ్మా మాట పోయి అని అడిగినాడు. ఏడాది దాటింది అని జెప్తి."

"ఆ తర్వాత ఏమన్నాడు?" అని అడిగాను.

"మజ్జిగ ఇస్తే తాగినాడు. కొంగుతో నేనే మీ నాయన కండ్లు తుడిస్తి. పోతా పోతా వాకిట్లో నిలబడి ఒకే మాట అన్న్యాడు. అదేందో నాకు అర్థం గాల్యా, నీకేమన్నా తెలుసా?" అంది అమ్మ. "మీ పాప ఏం మారల్యామ్మా, అన్న్యాడు."